బొమ్మలకు కాపలా

“ఒప్పుకుంటే నీ నోట్లో ముత్యాలేం రాలిపోవు. ఆగిపోయింది నా సర్వరేనండీ అని ఒక్క ముక్క అను, మేమూ ఇంత తిని లేస్తాం,” అంది అత్తగారు, గరిటెను గిన్నె అంచుకేసి టంగుమని కొట్టి.

“ఆగనిదాన్ని ఆగిందని ఎలా అంటాను అత్తయ్యా?” అంది పెద్దకోడలు.

“ఆగకపోతే ఆ ముసలాయన పిలుపు ఏ గాలికి పోయినట్టు? స్నానాలగదిలో జారిపడి, అలాగే పడి ఉండి ఫోన్‌లో నర్సును పిలిచి పిలిచి, చివరికి స్పృహ తప్పాడట. ఆ నర్సు ఎక్కడో లేదమ్మా, వంటింట్లోనే ఉంది. గంట మోగలేదు కదాని తీరిగ్గా టీ కాచుకుంటోందట!”

పెద్దకోడలు కళ్లు పళ్లెం మీదికి దించుకుంది. ముసలాయన మాట ఎత్తితే ఎవరికి మాత్రం నోరు పెగులుతుంది?

పళ్లాల్లో భోజనం చల్లారిపోయి చాలాసేపయింది. బల్ల చుట్టూ ఇంతమంది కూర్చున్నా తింటున్నది పెద్దకోడలి భర్త ఒక్కడే. ఆకలై కాదు. నోట్లో ముద్ద ఉన్నవాణ్ణి ఎవరూ ప్రశ్న అడగరని అతనికి చిన్నప్పుడే తెలిసిపోయింది. బడిలో పిల్లలు అతన్ని ‘సరేగాడు’ అని పిలిచేవారు. ఎవరేమన్నా సరే అనేవాడు కాబట్టి. పెళ్లయ్యాక ఆ పేరు పోయిందిగానీ గుణం పోలేదు.

ఆ ఇల్లూ ఆ కంపెనీ వేరువేరు కావు. కింద కాపురం, పైన కంపెనీ. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు తమ ఫోన్‌లోని పేజీలో ఒక మాట రాస్తే, అదే క్షణంలో నర్సు పేజీలో గంట మోగాలి. ఆ ఇంటివాళ్లు తయారుచేసిన వస్తువు అది. రేపో మాపో చేరే కబురు కాదది, ఓయ్ అంటే ఓయ్ అనాలి. నిన్న మిట్టమధ్యాహ్నం అది మూగబోయింది. మళ్లీ గొంతు విప్పేసరికి ముసలాయన్ని ఆస్పత్రికి మోసుకుపోతున్నారు.

నర్సుల ఏజెన్సీ ఆవిడ పొద్దున్నే ఫోన్ చేసి రెండే మాటలు అడిగింది. ఇకమీదట ఆ మెసేజ్‌ల పనిని ఎక్కడ పెడతారు, ఎవరి కాపలాలో పెడతారు అన్నది ఒకటి. నిన్న ఎవరి చేతిలో పోయింది అన్నది రెండోది. సాయంత్రం స్వయంగా వస్తానంది. ఆ రెండూ తేలకపోతే తన నర్సులను తీసుకుని తన దారి తాను చూసుకుంటానంది. ఆవిడ పోతే పై అంతస్తుకి తాళమే.

పెద్దకోడలికి అంతకంటే ఎక్కువే పోతుంది. పిల్లాజెల్లా లేరు, పుట్టింట్లో తలుపు తీసేవాళ్లు లేరు. ఆ ఇంట్లో ఇది నాది అని వేలు పెట్టి చూపించడానికి ఆమెకున్నది తన చేత్తో కట్టుకున్న ఆ సర్వరొక్కటే.

“అయిందేదో అయింది,” అన్నారు మామగారు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, పెద్దది కానవసరం లేకుండానే ఇన్నాళ్లూ గడిచింది. “ముందు మొదటి ప్రశ్న సంగతి తేల్చండి. ఎక్కడ పెడదాం?”

“నాకూ అర్థమయ్యేట్టు చెప్పి ఏడవండి. ఆవిడ ఎదుట నేనూ కూర్చోవాలిగా,” అంది అత్తగారు.

మరిది హుషారుగా ముందుకు జరిగాడు. మాటకారి. వినేవాళ్లుంటే చాలు, రాయిని కూడా రెండు కబుర్లు చెప్పి లేవదీస్తాడు. పళ్లెం పక్కకి నెట్టి మూడు గ్లాసులు వరసగా పెట్టాడు.

“మూడే దారులమ్మా. మొదటిది, ఇప్పుడున్నట్టే. గంటలు మోగించే పని కూడా మన పెద్ద ప్రోగ్రాంలోనే, అదే మిషన్‌లో. నువ్వు ఒకే వంటింట్లో అన్నీ వండినట్టు. సుఖమే. కాకపోతే వంటిల్లు కడిగినప్పుడల్లా పొయ్యి ఆర్పాలి. రెండోది, వేరు కుంపటి. గంటలకి విడిగా ఒక సర్వరు, దాన్ని మనమే నడుపుకోవాలి, మనమే కాపలా కాయాలి. మూడోది, బయట భోజనం. ఇదే పని చేసిపెట్టే కంపెనీలున్నాయి, వాళ్లకి అప్పజెప్పి మనం కాళ్లు చాపుకోవచ్చు.”

“బయట భోజనమే బావుంది. అంట్లు తోమే పని ఉండదు,” అంది తోడికోడలు. అందరూ కాస్త నవ్వారు.

పెద్దకోడలు నవ్వలేదు. ఆమె మొదటి గ్లాసు వైపే చూస్తోంది.

“ఇప్పుడున్నట్టే అన్నారేంటి?” అంది నెమ్మదిగా. “ఇప్పుడు అలా లేదుగా.”

మరిది చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది.

“చలికాలంలోనే నర్సులందర్నీ నా సర్వరుకి మార్చారుగా. వేరు కుంపటేగా ఇప్పుడున్నది?”

పైన ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. అత్తగారు చిన్నకొడుకు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో, ఎంత మంచి నోరురా నీది అన్న మాట పలకకుండానే వినిపించింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరుగా అందరి కళ్లూ ఆమె భర్త మీదికి తిరిగాయి.

అతను నమలడం ఆపేశాడు.

మామగారికి వేరు అన్న మాటే పడదు. ఆయన పిల్లాడిగా ఉన్నప్పుడు తండ్రీ బాబాయీ పోట్లాడుకుని ఇంటిని పంచుకున్నారు. గోడ సరిగ్గా వంటింటి నడిమధ్య నుంచి పోయింది. సగం పొయ్యి అటు, సగం పొయ్యి ఇటు. అది చూసిన కళ్లతో ఆయన కంపెనీ పెట్టారు. ఒకే ప్రోగ్రాం, ఒకే మిషను, ఒకే కప్పు. ఎవడైనా విడిగా అంటే ఆ పూటకి వాడితో మాటలుండవు.

అలాంటాయన ఒప్పుకున్నారని భర్త వచ్చి చెప్పినరోజు ఆమె నమ్మలేకపోయింది. “నాన్న సరేనన్నారు. నీ సర్వరుకే మార్చేశాను. అయితే ఒక్కటి, ఆ మాట ఆయన ముందు మాత్రం ఎత్తకు. ఓడిపోయినట్టు చిన్నబుచ్చుకుంటారు,” అన్నాడతను. నిజమేగదా, పెద్దాయన మనసు అనుకుంది. ఎత్తలేదు.

అప్పట్నుంచి ఆమె లోకమే అది. లేస్తూనే లాప్‌టాప్‌లో గీత చూసుకునేది. ఎంతమంది నర్సులు కనెక్ట్ అయి ఉన్నారో చూపించే గీత. పొద్దున లేచేది, మధ్యాహ్నం నిండుగా ఉండేది, రాత్రికి అణిగేది. ఆ గీత ఊపిరి తీస్తున్నట్టుండేది. కూరలో ఉప్పు మరిచిపోయిందిగానీ గీత చూడటం ఏనాడూ మరవలేదు.

“ఏమండీ,” అంది భర్తతో. “మార్చానన్నారుగా?”

“అన్నాను,” అన్నాడతను, పళ్లెంతో చెబుతున్నట్టు.

“మార్చారా?”

“ముందు తినవే. తర్వాత మాట్లాడుకుందాం.”

ఆమె లేచి వెళ్లి లాప్‌టాప్ తెచ్చింది. పళ్లాల మధ్య చోటు చేసుకుని తెరిచింది. గీత ఎప్పటిలాగే నిండుగా, ప్రశాంతంగా ఉంది. నిన్న మధ్యాహ్నం కూడా అంతే నిండుగా ఉంది. చుక్క జారలేదు.

“చూడండి మామయ్యా. నిన్న నా సర్వరు ఆగలేదు. నర్సులంతా ఇక్కడే ఉన్నారు.”

తోడికోడలు కిసుక్కున నవ్వింది. నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా కళ్లు నవ్వుతూనే ఉన్నాయి. “అక్కా, ఏమనుకోకు. ఆ నర్సులు ఏం మాట్లాడుకుంటున్నారో ఎప్పుడైనా చదివావా?”

చదవలేదు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. రోగుల మాటలవి. ఎవరికి ఎక్కడ పుండు, ఎవరు పక్క తడిపారు, ఎవరు ఏడ్చారు. తలుపు సందులోంచి ఒకరింట్లోకి తొంగిచూడటం ఎంత తప్పో, అవి తెరిచి చదవడమూ అంతే తప్పని ఆమె లెక్క. గంట చేరిందా లేదా, అంతవరకే తన పని. మిగతాది వాళ్ల వాళ్ల కడుపులో మాట.

ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది.

మొదటిసారిగా ఆమె ఒక మాట తెరిచింది. ‘ఎలా ఉన్నారు?’ అని ఉంది. కింద జవాబు, ‘బాగున్నాను, మందు వేసుకున్నాను.’

ఇంకోటి తెరిచింది. ‘ఎలా ఉన్నారు?’ ‘బాగున్నాను, మందు వేసుకున్నాను.’

మరోటి. మరోటి. నిన్నటివి, మొన్నటివి, చలికాలం నాటివి. లోకంలో రోగులంతా ఒక్కలాగే బాగున్నారు, ఒక్కలాగే మందు వేసుకున్నారు.

ఆ మాటలు ఎవరివో ఆమెకి తెలుసు. తనవే. సర్వరు కట్టిన కొత్తలో, ఎంతమంది బరువు మోయగలదో చూడటానికి ఉత్తుత్తి నర్సులను తయారుచేసింది. మనుషులు కారు, చిన్న ప్రోగ్రాములు. వచ్చి కూర్చుంటాయి, ఒక మాట అంటాయి, ఒక మాట వింటాయి. బొమ్మలు అని పిలుచుకునేది వాటిని. పరీక్ష అయ్యాక తీసేయమని భర్తకి అప్పజెప్పింది.

అతను తీసేయలేదు.

“ఇవి నా బొమ్మలు,” అంది.

“నాన్న వద్దన్నారు. నువ్వు కావాలన్నావు,” అన్నాడు భర్త. “కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను ఎటు చావను చెప్పు? నీకు బాధ లేకుండా, ఆయనకి కోపం రాకుండా…”

“రాత్రిళ్లు గీత తగ్గేదిగా?”

అతను పళ్లెంలో ముద్దను అటూ ఇటూ తోశాడు.

“నా బొమ్మలకి పగలూ రాత్రీ లేదండీ. నేను అలా రాయలేదు. ఈ గీత రాత్రయితే తగ్గుతుంది, పొద్దున మళ్లీ లేస్తుంది. ఎలా?”

“నేనే అలా పెట్టాను,” అన్నాడు చిన్నగా. “లేకపోతే నీకు అనుమానం వస్తుందిగా.”

తండ్రితో ఒక్క మాట అనే ఓపిక లేని మనిషి, బొమ్మలను ఒక్కొక్కటిగా జోకొట్టి పడుకోబెట్టాడు. పొద్దున్నే లేపాడు. సెలవురోజుల్లో కాస్త ఆలస్యంగా లేపాడు. ఆ గీతను చూసి, పాపం సెలవురోజుల్లో నర్సులు కూడా పడుకుంటారు కాబోలు అని ఆమె ఎన్నిసార్లు మురిసిపోయిందో. ఆమె జలుబు చేసి పడుకున్నా ఇంత కనిపెట్టుకుని చూసినవాడు కాదు.

“అందరికీ తెలుసా?” అంది.

“తెలియకేం,” అంది అత్తగారు. గరిటె పక్కన పెట్టి, ఇక దాపరికం దేనికన్నట్టు చేతులు కడుక్కుంది. “వాడే వచ్చి చెప్పాడు. పోనీలేరా, ఏదో ఒక పనిలో ఉంటే నోరు ఊరుకుంటుంది అన్నాను. గుడ్డిగుర్రానికి పళ్లు తోముతూ నువ్వు సంతోషంగా ఉన్నావు, మేమూ ప్రశాంతంగా ఉన్నాం. ఎవరికేం నష్టం?”

“ఆ ముసలాయనకి, అత్తయ్యా.”

“ఇదిగో, ఈ నోరే వద్దన్నది!”

పెద్దకోడలు మరిది వైపు తిరిగింది. “నిన్న మధ్యాహ్నం ఏం జరిగింది? నిజం చెప్పండి.”

మరిది గ్లాసుల్ని సర్దుతూ అన్నాడు, “అన్నయ్య పెద్ద ప్రోగ్రాంని రీస్టార్ట్ చేశాడు వదినా.”

“పట్టపగలా?”

“కొత్త కస్టమర్‌కి చూపించాలి, పేజీలో ఆ బొత్తాం రంగు మార్చి పెట్టండి బావగారూ అన్నాను,” అంది తోడికోడలు. “ఆకుపచ్చ పెట్టమన్నాను. ఆయన సరే అన్నారు. నాకేం తెలుసు, రంగు మారిస్తే నర్సుల గంటలు ఆగుతాయని?”

తోడికోడలికి తెలియదుగానీ ఆ బల్ల దగ్గర ప్రోగ్రాం పని చేసేవాళ్లందరికీ తెలుసు. మెసేజ్‌ల పని కూడా అదే ప్రోగ్రాంలో ఉంటే, ప్రోగ్రాం ఒక్కసారి కన్నుమూసి తెరిచేలోగా నర్సుల కనెక్షన్లన్నీ పుటుక్కున తెగుతాయి. తెగినవాళ్లంతా ఒక్కుమ్మడిగా మళ్లీ తలుపు తోస్తారు. సినిమా హాలు గేటు తీసినప్పటి తొక్కిసలాటే. లేవబోతున్న ప్రోగ్రాం ఆ తోపులాటకి మళ్లీ కూలబడుతుంది. లేవడం, కూలబడటం, లేవడం. ఆ మధ్యలో పిలిచినవాడి పిలుపు ఎక్కడా దాచిపెట్టి ఉండదు. పోయిందంటే పోయినట్టే.

ఇదే జరుగుతుందని పెద్దకోడలు ముందే చెప్పింది. చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టాకే ఆ సర్వరు కట్టుకుంది.

“సరే, ఏడుపులు తర్వాత,” అన్నారు మామగారు. “అమ్మాయ్, నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. నీ మీద నాకు కోపం ఉంటే ఉండొచ్చుగానీ, నీ పని మీద అనుమానం ఎప్పుడూ లేదు. బయట కంపెనీకి ఇచ్చేస్తే గంటలు ఆగకుండా మోగుతాయా?”

అడగడంలోనే ఉంది ఆయన గడుసుతనం. మోగవు అంటే ఆమె సర్వరు బతుకుతుంది. నర్సులు ఈసారైనా నిజంగా అక్కడికి వస్తారు. మోగుతాయి అంటే ఇక ఆ ఇంట్లో ఆమె చేతికి గరిటె తప్ప ఏమీ మిగలదు. బల్ల కింద భర్త కాలు ఆమె కాలికి తగిలింది. ఏం చెప్పమని తగిలిందో అతనికే తెలియదు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. స్నానాలగది నేల మీద పడి ఫోను నొక్కుతున్న వేలు కళ్లముందు మెదిలింది.

“మోగుతాయి,” అంది. “మనకంటే బాగానే మోగుతాయి. వాళ్లకి మిషన్లు బోలెడుంటాయి, ఒకటి కూలితే ఇంకోటి అందుకుంటుంది. నాది ఒక్కటే మిషను. నేను పడుకుంటే దానికి దిక్కులేదు.”

“చూశావుటే, ఎంత హాయిగా చెప్పిందో!” అంది అత్తగారు చిన్నకోడలితో.

“కానీ రోగుల మాటలు వాళ్ల చేతుల మీదుగా పోకూడదు మామయ్యా. గంట మాత్రమే వాళ్లతో కొట్టించాలి. మాట మన దగ్గరే ఉండాలి. గంట వినగానే నర్సు పేజీ మన దగ్గరికి వచ్చి మాట తీసుకెళ్లాలి. మధ్యలో కనెక్షన్ తెగినా, కలవగానే ‘నేను లేనప్పుడు ఏమొచ్చాయి’ అని అడిగి తెచ్చుకోవాలి. అప్పుడు ఏ పిలుపూ పోదు. రేపు ఆ కంపెనీ మూతపడినా ఇంకో గంట తెచ్చుకోవచ్చు.”

మామగారు తల ఊపారు. మరిది కూడా ఊపాడు.

“అదే నేనూ అనుకుంటున్నాను,” అన్నాడు మరిది. “ఆవిడకి అలాగే చెబుతాను. వదినా, ఆ రాతపని నువ్వు చేసి పెట్టెయ్యి. ఆ తర్వాత విశ్రాంతి తీసుకుందువుగాని.”

ఒక్క గుక్కలో ఆలోచనా పోయింది, పనీ పోయింది. ఆ ఆలోచన తనదని పెద్దకోడలు వాదిస్తే ఆస్పత్రిలో ఆ ముసలాయన లేచి కూర్చుంటాడా?

“ఇక రెండో ప్రశ్న,” అన్నారు మామగారు. “ఎవరి చేతిలో పోయింది.”

“మా ఆయన చేతిలో.”

“ఆ మాట ఆవిడ ముందు అనకు. వాడు రేపు ఈ కంపెనీ నడపాల్సినవాడు. పెద్దకొడుకే చెడగొట్టాడంటే ఇక ఎవరు నమ్ముతారు మనల్ని? నీ సర్వరు ఆగిందని చెప్పు. ఇంట్లో కోడలు ఏదో సొంతంగా ప్రయత్నం చేసింది, కుదరలేదు, దాన్ని తీసేసి బయట కంపెనీకి ఇచ్చేశాం. శుభ్రంగా అతుకుతుంది.”

“లేని నర్సులకి కాపలా కాసినదాన్ని, ఉన్న నర్సుల పాపం కూడా నాదేనా మామయ్యా?”

“మాటలు బాగానే వచ్చు నీకు. నీ పేరైనా చెప్పాలి, నీ మొగుడి పేరైనా చెప్పాలి. ఏదో నువ్వే తేల్చుకో. నేను బలవంతం చేయను.”

“ఒక్క మాటే కదే,” అన్నాడు భర్త. “ఆవిడ నాలుగు తిట్టి వెళ్లిపోతుంది. నువ్వెలాగూ ఇక పైకి రావుగా. నాకైతే రోజూ ఆవిడ మొహం చూడాలి.”

అతను అది దురుసుగా అనలేదు. సాయం అడిగే గొంతుతో అడిగాడు. అందుకే ఆమెకి ఎక్కడో లోపల ఏదో చివుక్కుమంది.

ఆమె ఇంకా జవాబు చెప్పకముందే వీధిలో కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. తోడికోడలు గబగబా పళ్లాలు తీసేసింది. అత్తగారు తడిగుడ్డతో బల్ల తుడిచి, కొంగు సర్దుకుని, మొహానికి ఒక నవ్వు తగిలించుకుంది. పోట్లాట జరిగిన ఆనవాలు లేకుండా పోయింది, లాప్‌టాప్ ఒక్కటి తప్ప.

ఏజెన్సీ ఆవిడ లోపలికి వచ్చింది. నడివయసు మనిషి. ఒకప్పుడు తానే నర్సుగా చేసిందట, ఆ నడకలో ఇంకా ఆస్పత్రి వరండాల తొందర ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. మరిది పెదవులు తడుపుకుని, గంట ఒక చోట, మాట ఒక చోట అంటూ పెద్దకోడలి ఆలోచనను ముద్దుముద్దుగా వినిపించాడు. ఆవిడ మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నది.

“బాగుంది,” అంది. “ముందే చేసి ఉంటే ఇంకా బాగుండేది. ఆయన పొద్దున పోయారు.”

అత్తగారి మొహం మీది నవ్వు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయింది.

“తుంటి విరిగింది, అది తట్టుకునేవారే. చన్నీళ్లలో అంతసేపు పడి ఉండటాన్ని తట్టుకోలేకపోయారు. మా నర్సు పిల్ల నిన్నట్నుంచి గదిలోంచి రావట్లేదు, టీ గ్లాసు చూస్తే ఏడుస్తోంది. ఆయన పెద్దకొడుకు నన్నొకటే అడుగుతున్నాడు. మనిషి పేరు చెప్పండి, మిషన్ పేరు కాదు, అంటున్నాడు. కేసు వేస్తాడట. నేనూ ఆపదలుచుకోలేదు.” ఆవిడ ఒక్కొక్కరి మొహమే చూసింది. “చెప్పండి. ఎవరు?”

ఇందాక ఒక్క మాటే కదా అన్న మాటకి ఇప్పుడు శవం బరువు వచ్చింది. మామగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మరిది నేల చూశాడు. తోడికోడలు వంటింట్లోకి వెళ్లాల్సిన పని ఏదో గుర్తొచ్చినట్టు రెండడుగులు వేసి, వెళితే బాగుండదని ఆగింది.

పెద్దకోడలు భర్త వైపు చూడలేదు. ఇప్పుడిక ఎవరూ ఆ మాట అనమనరు అనుకుంది. ఎంత చెడ్డా మనుషులు. తిట్లంటే పడమన్నారుగానీ, చావు మెడకి కట్టుకోమంటారా? అంత ఘోరం ఈ బల్ల దగ్గర జరగదు అనుకుంది.

“మా ఆవిడ చూసుకునే సర్వరండీ,” అన్నాడు భర్త.

అందరూ అదిరిపడి అతన్ని చూశారు. అత్తగారు కూడా. పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరూ పొడవకుండా, ఎవరికీ సరే అనకుండా, తనంతట తానుగా ముందుకొచ్చి ఒక మాట అనడం వాళ్లు అప్పుడే విన్నారు.

పెద్దకోడలు కుర్చీ తిప్పి అతనికి ఎదురుగా కూర్చుంది.

“ఆ మాట నన్ను చూసి అనండి.”

“ఇప్పుడెందుకే ఇవన్నీ, పెద్దవాళ్ల ముందు…”

“నన్ను చూసి అనండి. చాలు. ఇంకేం అడగను.”

అతను తల ఎత్తాడు. చూశాడు. ఆమె కళ్లలో ఏం కనిపించిందోగానీ చూపు తిప్పుకోలేదు. ముందుకంటే స్పష్టంగా, ఏజెన్సీ ఆవిడకి బాగా వినబడేట్టు అన్నాడు.

“నువ్వు చూసుకునే సర్వరే.”

“అవునా అమ్మా?” అంది ఏజెన్సీ ఆవిడ. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. “మీ నోటితో చెప్పండి.”

పెద్దకోడలు లాప్‌టాప్‌ని తన వైపు లాక్కుంది. తెర మీద బొమ్మలు ఇంకా ఒకరినొకరు పలకరించుకుంటూనే ఉన్నాయి.

“నేను చెప్పేది కాస్త పొడుగండీ,” అంది. “మీకు తీరికేనా?”

ఏజెన్సీ ఆవిడ చేతిసంచి బల్ల మీద పెట్టి, మొదటిసారిగా కుర్చీ లాక్కుంది.

మామగారు కళ్లజోడు పెట్టుకుని లేచారు. ఎవరితోనూ ఏమీ అనకుండా నింపాదిగా నడిచి వెళ్లి, ఇక ఏ మాటా గడప దాటకూడదన్నట్టు వీధి తలుపు మూసి, గడియ పెట్టారు.